మా అన్నను వెతికిపెట్టిన ఆ ఏడుగురు పిల్లలకు

పదమూడేళ్ల తర్వాత మా అన్న ఏమయ్యాడో తెలిసింది. బతికి లేడు. తెలిసిన రోజు నుంచీ ఈ పోస్టు రాయాలనే అనుకుంటున్నాను, కూర్చుంటే చెయ్యి ఆడేది కాదు. నిన్న స్వర్ణముఖి ఒడ్డున అన్నకు కర్మ చేశాం. అన్నను మాకు వెతికిపెట్టింది తిరుపతిలో చదువుకుంటున్న ఏడుగురు పిల్లలు. వాళ్లకు నలుగురి ముందూ దండం పెట్టాలని రాస్తున్నాను.

వాళ్ల పేర్లు, కాలేజీ పేరు రాయడం లేదు. కేసు ఇంకా నడుస్తోంది, వద్దని వాళ్లే అడిగారు.

అన్న దామలచెరువు మామిడి మండీలో లెక్కలు రాసేవాడు. సీజన్ వస్తే బయటి ఊళ్ల వ్యాపారుల దగ్గరికి పోయి బాకీలు వసూలు చేసుకొచ్చేవాడు కూడా. 2012 జూన్, తోతాపురి కోతలు జోరుగా సాగుతున్నాయి, ఆ రోజు తిరుత్తణి వైపు పోయాడు. సాయంత్రం ఫోన్ చేసి, "బస్సెక్కినా, నగరి దాటినాక మళ్లీ చేస్తా, అన్నం పెట్టుంచండి" అన్నాడు. అంతే, మళ్లీ ఫోన్ రాలేదు. అప్పటికి అన్న వయసు 31, పాపకు మూడేళ్లు.

మిస్సింగ్ కేసు పెట్టాం. పెట్టిన చోట మొదటి మాటే "డబ్బులు తీసుకుని పోయింటాడులేమ్మా" అని. ఆ మాట స్టేషన్లో ఆగలేదు, మండీలో అన్నారు, మా వీధిలో అన్నారు, పెళ్లిళ్లకు పోతే మా వెనకాల కూర్చున్నవాళ్లు అన్నారు. అన్న పోయిన బాధ ఒకటైతే, అన్నను దొంగ అంటుంటే తల వంచుకుని వినాల్సి రావడం ఇంకొకటి, నిజం చెప్తున్నా, రెండోదే ఎక్కువగా కాల్చింది. నాయన ఆ మాట మోస్తూనే 2017లో పోయాడు.

వదిన సంగతి ఎలా చెప్పాలో తెలియడం లేదు. మెడలో పుస్తెలున్నాయి, మొగుడు లేడు. మరణ ధ్రువపత్రం లేదు కాబట్టి వితంతు పింఛను రాదు, అన్న పేరు మీదున్న అరెకరం పాసుబుక్కు మారదు, బ్యాంకులో ఉన్న కొంచెం డబ్బు తీసుకోవడానికి లేదు. మనిషి కనబడక ఏడేళ్లు దాటితే కోర్టుకు పోయి చనిపోయినట్టు డిక్లేర్ చేయించుకోవచ్చని 2019లో ఒక వకీలు చెప్పాడు. అమ్మ ఒప్పుకోలేదు. "నా బిడ్డ సచ్చిపోయినాడని నేనే యేలిముద్ర ఎయ్యాల్నా?" అంది. వదిన కూడా ఇంకేమీ అడగలేదు.

ఇప్పుడు పిల్లలు చేసిన పని చెప్తాను. కొంచెం వివరంగానే రాస్తాను, వాళ్లు ఎంత కష్టపడ్డారో తెలియాలి.

పోయిన ఎండాకాలం సెలవుల్లో, అంటే 2025 మే, జూన్‌లలో, వాళ్ల ప్రొఫెసర్ గారు పోలీసు అధికారులతో మాట్లాడి, తేలకుండా ఆగిపోయిన పాత కేసుల ఫైళ్లు చదివే పనికి వీళ్లను పెట్టారు. ఫోరెన్సిక్ చదివేవాళ్లు నలుగురు, లా చదివేవాళ్లు ముగ్గురు. ఒక ఎస్ఐ గారి ఎదురుగానే కూర్చోవాలి, ఫోన్లు బయట పెట్టి లోపలికి పోవాలి, ఒక్క కాగితం కూడా గది దాటకూడదు, చదివింది ఇంట్లో కూడా చెప్పబోమని సంతకం పెట్టాలి. విచారణ చేయడం, ఎవరి ఇంటికైనా పోయి అడగడం వాళ్ల పని కాదు. చదవడం, వరుసలో పెట్టడం, అనుమానం వస్తే రాసి ఇవ్వడం, అంతే. అమెరికాలో ఇలాంటి పని జరుగుతోందని ప్రొఫెసర్ గారు ముందే చెప్పారట. మిషిగన్‌లో వెస్టర్న్ మిషిగన్ యూనివర్సిటీ విద్యార్థులు 1987 నాటి ఒక హత్య కేసు కాగితాలన్నీ స్కాన్ చేసి వరుసలో పెట్టి పోలీసులకు సాయం చేశారని, 2022లో ఆ కేసులో అరెస్టు జరిగిందని. మన దగ్గర చెదలు పట్టిన అట్టల మధ్య ఆ పని ఎలా ఉంటుందో ఆలోచించండి. ఫ్యాన్ వేస్తే కాగితాలు ఎగిరిపోతాయని మే నెల ఎండల్లో ఫ్యాన్ ఆపేసి కూర్చున్నారట!

ఒక పక్క తప్పిపోయిన వాళ్ల ఫైళ్లు, ఇంకో పక్క గుర్తు తెలియని శవాల ఫైళ్లు. మామూలుగా వీటిని వయసు, ఎత్తు, వేసుకున్న బట్టలు చూసి పోలుస్తారు. పిల్లలు తమ పట్టికలో "మారేవి" ఒక గడి, "మారనివి" ఒక గడి గీసుకున్నారు. బట్టలు మారతాయి. ఎండకు పాడైపోయిన శవం వయసు అంచనా పదేళ్లు అటూ ఇటూ కావచ్చు. ఎముక విరిగి అతుక్కున్న గుర్తు మారదు, పళ్లు మారవు, ఆపరేషన్ చేసి వేసిన రాడ్డు మారదు.

మా ఫైల్లో ఏముందంటే, "ఎడమ చేతికి కట్టు ఉంది" అని. అమ్మ ఫిర్యాదులో చెప్పించింది, "చిన్నప్పుడు చింతచెట్టు మీదనుంచి పడితే ఎడం చేతికి పుత్తూరు కట్టు కట్టించినాం, ఇప్పటికీ చెయ్యి రవంత వంకర" అని. నేనే నా చేత్తో రాశాను. తర్వాత ఎవరో దాన్ని కుదించి ఎక్కించినప్పుడు పుత్తూరు పోయింది, వంకర పోయింది, కట్టు ఒక్కటే మిగిలింది. అంటే పదమూడేళ్లుగా మా అన్నను చేతికి గుడ్డకట్టు ఉన్న మనిషిగా వెతికారు!

ఏడుగురిలో ఒక చెల్లెలిది నగరి వైపు. ఆ అమ్మాయికి కూడా చిన్నప్పుడు చెయ్యి విరిగితే పుత్తూరులోనే కట్టు కట్టించారు. తెలియనివాళ్లకు చెప్తున్నా, పుత్తూరు దగ్గర తరతరాలుగా ఎముకలకు కట్టు కడతారు, ఆకు పసరు, కోడిగుడ్డు తెల్లసొన పట్టించి వెదురు బద్దలు పెట్టి కడతారు, తమిళనాడు నుంచి, కర్ణాటక నుంచి కూడా వస్తారు. ఆ అమ్మాయి కుదించిన కాగితం దగ్గర ఆగిపోకుండా, ఫైలు అడుగున పిన్ను చేసి ఉన్న నా చేతిరాత ఫిర్యాదు దాకా చదివింది. చదివి ఎస్ఐ గారితో అందట, "సార్, ఇది గుడ్డకట్టు కాదు సార్. ఎముక విరిగి అతుక్కున్న చెయ్యి" అని.

తర్వాత వాళ్లకు రెండు రోజులే పట్టింది. అన్న కనబడకుండా పోయిన తొమ్మిది రోజులకు, ఇంకో స్టేషన్ పరిధిలో, హైవేకు దూరంగా ఒక చెరువు కట్ట కింద ఒక శవం దొరికింది. ముందు సీఆర్‌పీసీ 174 కింద అనుమానాస్పద మృతి అని రాసి, తలకు వెనక వైపు దెబ్బ ఉందని తేలాక హత్య కేసుగా మార్చారు. ఎవరో తెలియలేదు, చంపినవాళ్లూ తెలియలేదు, కేసు మూసేశారు. వయసు 45 అని రాశారు. చొక్కా మేం చెప్పింది కాదు, మేం చెప్పింది నీలం చొక్కా, అన్న ఆ రోజు చేతిసంచిలో ఇంకో చొక్కా పెట్టుకుని పోయాడని మాకు గుర్తే లేదు. కానీ పోస్టుమార్టం రిపోర్టులో ఒక వాక్యం ఉంది. ఎడమ ముంజేతి ఎముకలు ఎప్పుడో విరిగి కొంచెం వంకరగా అతుక్కున్నాయి అని.

ఆ డాక్టరు గారెవరో నాకు తెలియదు. పేరు లేని శవం, అడిగేవాళ్లు లేరు, జూన్ ఎండకు పాడైపోయిన శరీరం. అయినా ఆ చెయ్యి పట్టుకుని చూసి, ఒక లైను రాసి, ఒక పన్ను, ఒక ఎముక ముక్క డీఎన్ఏ కోసం తీసి భద్రం చేయించారు. సార్, మీరు ఎక్కడున్నా మా అమ్మ మిమ్మల్ని రోజూ తలుచుకుంటోంది.

జూలైలో పోలీసులు ఇంటికొచ్చి అమ్మ రక్తం తీసుకున్నారు. బిడ్డ డీఎన్ఏలో సగం తల్లిదే ఉంటుందని, దానితో పోల్చి చూస్తారని చాలా నెమ్మదిగా చెప్పారు. డిసెంబరులో రిపోర్టు వచ్చింది. మా అన్నే. వచ్చిన ఇన్‌స్పెక్టర్ గారు టోపీ తీసి చేతిలో పట్టుకుని, అమ్మ ముందు కింద కూర్చుని ఆ మాట చెప్పారు. ఆయనకు కూడా నా నమస్కారం. ఎన్నో ఏళ్ల కిందటి మాటలకు నా మనసులో ఉన్న కోపం ఆ రోజు చాలావరకు దిగింది.

చంపినవాళ్లు దొరకలేదు. హత్య కేసుకు కాలపరిమితి లేదని, మూసిన కేసును మళ్లీ దర్యాప్తు చేయొచ్చని, నేరం జరిగింది 2012లో కాబట్టి ఇప్పుడు కొత్త చట్టాలు వచ్చినా పాత ఐపీసీ 302 కిందే నడుస్తుందని లా చదివే తమ్ముడు మాకు ఓపిగ్గా చెప్పాడు. దొరుకుతారో లేదో, ఎదురు చూస్తాం. ఎదురు చూడటం మాకు కొత్త కాదు, అయితే ఇప్పుడు దేనికోసం చూస్తున్నామో తెలుసు.

ఇది చదివేవాళ్లలో ఇంట్లో మనిషి తప్పిపోయిన వాళ్లుంటే ఒక మాట. ఫిర్యాదులో చొక్కా రంగుతో ఆపొద్దు. విరిగిన ఎముకలు, కట్టించుకున్న పళ్లు, ఆపరేషన్లు, పచ్చబొట్లు అన్నీ రాయండి, మన ఊరి మాటలో రాసి పక్కనే దాని అర్థం కూడా విడమర్చి రాయండి. ఒక కాపీ మీ దగ్గర పెట్టుకోండి. ఆసుపత్రి ఎక్స్‌రేలు పారేయకండి.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీరు అన్నను తెచ్చి ఇవ్వలేకపోయామని నాతో ఫోన్లో ఏడ్చారు. అలా అనుకోకండి. మా అన్న డబ్బుతో పారిపోలేదు. ఇంటికి వస్తూ చచ్చిపోయాడు. ఇంటర్ చదువుతున్న నా మేనకోడలు ఇప్పుడు బడిలో, బస్సులో తలెత్తి "మా నాయన" అని చెప్పుకుంటోంది, అది మీరిచ్చిందే. నిన్న కర్మకు మండీ నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. వదిన ముందు నిలబడి చాలాసేపు ఏమీ అనలేకపోయాడు, చివరికి "తప్పుగా అనుకున్యాం తల్లీ" అని చేతులు జోడించాడు. వదిన పదమూడేళ్లలో మొదటిసారి అందరి ముందు గట్టిగా ఏడ్చింది.

అమ్మ మిమ్మల్ని ఏడుగురినీ ఇంటికి తీసుకురమ్మంటోంది. పరీక్షలయ్యాక రండి. మే నెలాఖరుకైతే మా చెట్టు కాయలు పక్వానికి వస్తాయి. ఆ చెట్టు అన్న నాటిందే, కాయలు మీకోసం ఉంచమని అమ్మ ఇప్పుడే చెప్పి పెట్టింది.