20 కిలోలు దాటితే పదేళ్లేనా? కేంద్ర ఆర్థిక మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర ఆర్థిక మంత్రి గారికి,

నమస్కారం. గంజాయి కేసుల గోడు హోం మంత్రికి చెప్పుకోక మీకెందుకని చాలామందికి అనిపించవచ్చు. గంజాయి లాంటి మత్తు పదార్థాల మీద ఉన్న ఎన్‌డీపీఎస్ చట్టం బాధ్యత మీ రెవెన్యూ విభాగానిది. సవరణ కదలాల్సింది అక్కడినుంచే.

నేను విశాఖలో ఈ కేసులు వాదించే న్యాయవాదిని. పాడేరు ఏజెన్సీ నుంచి, ఒడిశా సరిహద్దు నుంచి దిగే సరుకు మా రోడ్ల మీదుగానే పోతుంది, కాబట్టి వీటికి మాకు కొదవ లేదు. గంజాయిని వెనకేసుకు రావడం నా ఉద్దేశం కాదు. మోసినవాడికి శిక్ష పడాల్సిందే. ఎంత పడాలో ఎవరు తేల్చాలన్న దగ్గరే నా పేచీ.

కూలికి సంచి మోసే కుర్రాడు బస్సు కోసం నిలబడి దొరికిపోతాడు. వీఆర్వోలు మధ్యవర్తులుగా ఉండగా రోడ్డు పక్కనే కాటా వేస్తారు. చట్టం గంజాయి అనేది పూత, కాయ ఉన్న కొమ్మలనే. వాటితో కలవని విడి ఆకు, గింజ లెక్కలోకి రావు. గోతంలో మాత్రం పుల్లా, ఆకూ, గింజా, చెమ్మా అన్నీ కలిసే ఉంటాయి, కలిపే తూస్తారు. 19 కిలోల 900 గ్రాములు తూగితే జడ్జి ఏడాది వేయవచ్చు, పదేళ్లూ వేయవచ్చు. 20 కిలోల 100 గ్రాములు తూగితే పదేళ్లకు ఒక్కరోజు తగ్గించే అధికారం ఆయనకు లేదు. పైగా కనీసం లక్ష రూపాయల జరిమానా. శిక్ష పెంచడానికి ఏమేం చూడాలో 32బి సెక్షన్ చెబుతుంది. తగ్గించడానికి కుర్రాడి వయసు, మొదటి తప్పు, సరుకు ఎవరిదన్న సంగతి, ఏవీ పనికిరావు.

37వ సెక్షన్ వల్ల బెయిలు దాదాపు దొరకదు. 32ఎ వల్ల జైల్లో ఎంత బుద్ధిగా ఉన్నా రెమిషన్ (శిక్షాకాలంలో తగ్గింపు) లేదు. అరెస్టునాడు చంకలో ఉన్న బిడ్డ, తండ్రి తిరిగొచ్చేసరికి హైస్కూల్లో ఉంటుంది.

పోనీ, ఈ కాఠిన్యం వల్ల పెద్దవాళ్లు దొరుకుతున్నారా? 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర కోడూరులో పోలీసులు సుమారు 2 లక్షల కిలోల గంజాయి తగలబెట్టారు. అంత సరుకు వెనక పెట్టుబడి బస్టాండులో సంచి మోసేవాళ్లది కాదు కదా! పెట్టుబడిదారుకూ 27ఎ కింద అదే పదేళ్లు రాసి ఉంది. కానీ వాడి దగ్గర తూచడానికేం ఉండదు. వాడి మీద నేరం రుజువు చేయాలంటే ఫోన్లూ, బ్యాంకు లెక్కలూ తవ్వాలి. సంచి మోసినవాడికి కాటా చాలు.

కోర్టుల్లో జరిగే నష్టం ఇంకొకటి. ఒప్పుకున్నా పదేళ్లే అయినప్పుడు నేరం ఎవరొప్పుకుంటారు? ప్రతి కేసూ ఆఖరిదాకా నడవాల్సిందే. సోదా, సరుకు స్వాధీనం, నమూనాల పద్ధతి చెప్పే 42, 50, 52ఎ సెక్షన్ల దగ్గర పోలీసులు ఎక్కడ తడబడ్డారా అని నేను వెతుకుతాను (నా పని అదే). దొరికితే కక్షిదారు ఇంటికి, దొరక్కపోతే పదేళ్లకు. ఆ కుర్రాడికి న్యాయంగా రెండు మూడేళ్లు పడాలనుకోండి, ఆ తీర్పు రాసే వీలే లేదు. అదే లొసుగుతో అసలైన స్మగ్లరూ బయటపడుతున్నాడు.

ఈ పదేళ్లు మొదటినుంచీ ఉన్నవి కావు. 1985లో ఇదే చట్టం గంజాయికి పెట్టింది గరిష్ఠంగా 5 ఏళ్లు, కనీస శిక్ష అసలు లేదు. శిక్షల్ని హేతుబద్ధం చేస్తున్నామంటూ 2001లో తెచ్చిన సవరణే ఈ గీత గీసింది. 2014లో పార్లమెంటు, పెద్ద మొత్తాల నేరం మళ్లీ చేసినవాళ్లకు 31ఎ కింద ఉన్న తప్పనిసరి ఉరిని తీసేసి, నిర్ణయం జడ్జికి వదిలింది. ఉరి విషయంలో నమ్మిన జడ్జిని పదేళ్ల విషయంలో నమ్మలేమా?

నేనడిగేది గంజాయికి శిక్షలు చెప్పే 20వ సెక్షన్‌కు ఒక్క మినహాయింపు: ప్రత్యేక కారణాలు తీర్పులో రాసి, కనీస శిక్షకన్నా తక్కువ వేసే వీలు. 2001 సవరణ విచారణలో ఉన్న కేసులకు వర్తించింది కానీ, అప్పటికే అప్పీళ్లలో ఉన్నవాళ్లను వదిలేసింది. ఈసారి అప్పీళ్లలో ఉన్నవాళ్లనూ కలపండి.

ఇట్లు,
ఒక న్యాయవాది, విశాఖపట్నం