జిరోండ్ ముఖద్వారంలో నాలుగు శతాబ్దాల దీపం

సంపాదకుల వారికి,

వారసత్వ కట్టడాలనగానే మన పత్రికలు కోటల దగ్గర, ఆలయాల దగ్గర ఆగిపోతున్నందున, ఫ్రాన్స్‌లో గారొన్, దోర్దోన్ నదులు ఏకమై జిరోండ్ పేరుతో అట్లాంటిక్‌లో కలిసేచోట, తీరానికి దూరంగా నీటి మధ్య నిలిచిన కోర్దువాన్ దీపస్తంభం గురించి రాస్తున్నాను. బోర్డో రేవుకు ద్రాక్షసారా వర్తకం కోసం వచ్చిపోయే ఓడలకు అక్కడి ఇసుక మేటలు ప్రాణాంతకంగా ఉండేవి. 1584లో ఇంజినీరు లూయీ ద ఫువాకు అప్పగించిన పని, మతయుద్ధాల నడుమ సాగి సాగి, ఆయన మరణానంతరం 1611లో పూర్తయింది. ఓడలకు దారి చూపే కట్టడంలో రాజుగారి గది, ప్రార్థనామందిరం ఎందుకో నాకిప్పటికీ అర్థం కాదు. 18వ శతాబ్దం చివర ఇంజినీరు జోసెఫ్ తెలేర్ దాని ఎత్తు పెంచారు.

అసలు విశేషం 1823 నాటిది. చెదిరిపోయే కాంతిని వలయాలుగా అమర్చిన గాజు పలకలతో వంచి, ఒకే దిశలో సూటిగా పంపే, ఫ్రెంచి భౌతికశాస్త్రవేత్త ఆగస్టిన్ ఫ్రెనెల్ రూపొందించిన కటకాన్ని తొలిసారి వెలిగించింది ఇక్కడే. తర్వాత ప్రపంచమంతటా దీపస్తంభాలు ఆ పద్ధతినే అనుసరించాయి. 2021లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఆ కటకం పనితీరును విద్యార్థులకు అర్థమయ్యేలా మీ విజ్ఞాన పుటలో బొమ్మలతో వివరించగలరని మనవి.

భవదీయుడు,
ఒక పాఠకుడు