మన్యంలో వైద్యానికి నడక దూరమే కొలత కావాలి

సంపాదకులకు నమస్కారం.

గిరిజన ప్రాంతాల్లో ప్రతి 3,000 మందికి ఒక ఆరోగ్య ఉప కేంద్రం, 20,000 మందికి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఉండాలన్నది దేశమంతటా ఉన్న నిబంధన. మైదాన ప్రాంతాల్లో ఈ సంఖ్యలు 5,000, 30,000. కొండల్లో ఉండేవారికి ప్రత్యేక వెసులుబాటు ఇచ్చామని ప్రభుత్వాలు చెప్పుకునేది దీని గురించే. ఆ వెసులుబాటు నిజంగా ఎంతో మీ పాఠకుల ముందు లెక్క వేసి చూపాలని ఈ లేఖ రాస్తున్నాను.

అల్లూరి సీతారామరాజు జిల్లా 2022 ఏప్రిల్‌లో ఏర్పడినప్పుడు దాని విస్తీర్ణం 12,251 చదరపు కిలోమీటర్లు. 2011 జనగణన ప్రకారం జనాభా 9.54 లక్షలు. అంటే చదరపు కిలోమీటరుకు 78 మంది. రాష్ట్ర సగటు 300 పైమాటే. ఈ లెక్కన మన్యంలో 3,000 మంది సుమారు 38 చదరపు కిలోమీటర్లలో చెదిరి ఉంటారు. రాష్ట్ర సగటున చూస్తే 5,000 మంది 17 చదరపు కిలోమీటర్ల లోపే ఉంటారు. వెసులుబాటు ఇచ్చిన తర్వాత కూడా మన్యంలో పనిచేసే ఏఎన్ఎం (ఉప కేంద్రంలో ఉండి ఊరూరా తిరిగే నర్సు) తిరగాల్సిన నేల రెండింతలకు పైగా ఉందన్నమాట. ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి ఇదే లెక్క వేస్తే మన్యంలో 256 చదరపు కిలోమీటర్లు, రాష్ట్ర సగటున 100. ఇదంతా నేల చదునుగా ఉందనుకుని వేసిన లెక్క. కొండ ఎక్కి దిగే గంటలు, పొంగే గెడ్డలు (కొండ వాగులు), రోడ్డు ఆగిపోయే చోటు ఇందులో లేవు. పైగా ఆ జనాభా 2011 నాటిది. ఆ తర్వాత జనాభాను లెక్కించకుండానే పదేళ్లకు పైగా గడిచిపోయాయి.

నేను పాడేరు డివిజన్‌లో ఏఎన్ఎంగా పనిచేసి పదవీ విరమణ చేశాను. టీకాల పెట్టె భుజాన వేసుకుని ఒక కొండ ఎక్కితే పదిహేను ఇరవై ఇళ్ల ఊరు కనిపిస్తుంది. తర్వాతి ఊరు కంటికి ఎదురుగానే ఉంటుంది, కానీ చేరాలంటే లోయలోకి దిగి, గెడ్డ దాటి, మళ్లీ ఎక్కాలి. జూన్ నుంచి అక్టోబరు దాకా గెడ్డ దాటనివ్వని రోజులే ఎక్కువ. మంచు పెట్టెలో టీకా మందు చల్లగా ఉండే గంటల్లో ఎన్ని ఊళ్లు పూర్తి చేయగలమన్నదే రోజూ మా ముందుండే ప్రశ్న. శిఖరం మీది ఊరు ఎప్పుడూ చివరికి మిగిలేది. ఆ ఊరివారు మందులంటే భయపడి దూరంగా ఉంటారని పట్టణాల్లో అంటుంటే బాధ కలుగుతుంది. మేమే వారి దగ్గరికి వెళ్లలేకపోయాం.

దీనికి పరిష్కారం కొత్తగా కనిపెట్టాల్సిన అవసరం లేదు. కొండ ప్రాంతాలు, ఎడారి ప్రాంతాల్లో ఎంపిక చేసిన జిల్లాలకు కేంద్ర ఆరోగ్య శాఖ జనాభా కొలతను పక్కన పెట్టి నడక కొలత పెట్టింది. ఆవాసం నుంచి అరగంట నడిస్తే ఉప కేంద్రం చేరగలగాలన్నది ఆ నిబంధన. ఈ కొలతను అల్లూరి జిల్లాతో పాటు పార్వతీపురం మన్యం, నల్లమల అడవిలోని చెంచు పెంటలు (గూడేలు), తెలంగాణలోని ఉట్నూరు, భద్రాచలం ఏజెన్సీలకు పూర్తిగా వర్తింపజేయాలని రెండు రాష్ట్ర ప్రభుత్వాలను అడుగుతున్నాను. ముందుగా ఒక సర్వే జరగాలి. ప్రతి ఆవాసం నుంచి ఉప కేంద్రానికి వానాకాలంలో ఎంతసేపు నడవాలో ఆ దారిలో నడిచి కొలిచి, ఆ పట్టికను గ్రామ సచివాలయం గోడ మీద అతికించాలి. వేసవిలో జీపులో వెళ్లి కొలిస్తే అది కొలత కాదు.

రోడ్డు లేని ఊళ్ల నుంచి రోగిని కర్రకు కట్టిన జోలెలో మోసుకొచ్చే డోలీ మోతల ఫొటోలు పత్రికల్లో వచ్చినప్పుడల్లా రోడ్డు వేస్తామన్న హామీ వెలువడుతుంది. రోడ్లు తప్పకుండా కావాలి, అందులో నాకు రెండో మాట లేదు. 2018లో వచ్చిన ఫీడర్ అంబులెన్సులు, అంటే మోటారు సైకిల్‌కు పక్కన పడక అమర్చిన బండ్లు, కొంత ఊరటనిచ్చాయి. అయితే డోలీలో కనిపించే మనిషి అప్పటికే ప్రాణాపాయంలో ఉన్న మనిషి. జ్వరం వచ్చిన మొదటి రోజే రక్తం చుక్క తీసి పరీక్షించి మాత్ర ఇచ్చే మనిషి ఊళ్లో ఉంటే ఆ డోలీ కట్టాల్సిన పని చాలాసార్లు ఉండదు. మలేరియాలో ఫాల్సిపారం రకం రెండు మూడు రోజుల్లోనే మెదడు దాకా వెళ్లగలదు. డాక్టర్ అభయ్ బంగ్ అధ్యక్షతన ఏర్పాటైన గిరిజన ఆరోగ్య నిపుణుల కమిటీ 2018లో ఇచ్చిన నివేదిక ఏం చెప్పిందో చూడండి. దేశ జనాభాలో 8.6 శాతంగా ఉన్న గిరిజనుల్లోనే మలేరియా కేసుల్లో 30 శాతం, మలేరియా మరణాల్లో సగం ఉన్నాయి. కేసుల వాటా కంటే మరణాల వాటా అంత ఎక్కువగా ఉందంటే, జబ్బు పడ్డాక వైద్యం ఆలస్యంగా అందుతోందనే కదా అర్థం?

అందుకే ప్రతి ఆవాసానికి ఒక ఆశా కార్యకర్త ఉండాలి. కొండ, గిరిజన ప్రాంతాల్లో ఆవాసానికి ఒకరి చొప్పున నియమించుకునే వీలు జాతీయ మార్గదర్శకాల్లోనే ఉంది. పది ఊళ్లకు ఒకరిని పెట్టి, ఆమెకు నెలకు 10,000 రూపాయల గౌరవ వేతనం ఇచ్చి, ఆన్‌లైన్ నమోదు చేయలేదని సంజాయిషీ అడగడం అన్యాయం. సిగ్నల్ కోసం కొండ ఎక్కి ఫోను పైకెత్తి పట్టుకునే ఆడపిల్లలను నేను చూశాను. ఆ గంట ఆమె ఒక బాలింత దగ్గర ఉండాల్సిన గంట.

ఆ ఉద్యోగాలు ఆ ఊరి బిడ్డలకే రావాలన్నది నా గట్టి అభిప్రాయం. కువి, ఆదివాసీ ఒడియా, సవర భాషలు మాట్లాడే తల్లికి నొప్పి ఎక్కడ, ఎప్పటి నుంచి, ఎలా ఉందో తెలుగులో చెప్పమంటే ఆమె తల ఊపి ఊరుకుంటుంది. తల ఊపిందని మందు రాసేస్తారు. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో, అంటే రాజ్యాంగం ఐదో షెడ్యూల్ కింద గిరిజన ప్రాంతాలుగా ప్రకటించిన చోట్ల, ఉపాధ్యాయ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇవ్వాలన్న 2000 నాటి జీవో 3ను సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్‌లో కొట్టివేసింది. ఆ తీర్పు ఉపాధ్యాయుల గురించే అయినా, మన కొండల్లో మన పిల్లలకు ఉద్యోగం రాదేమోనన్న బెంగ అన్ని శాఖలకూ పాకింది. చట్టపరంగా నిలబడే దారి వెతకడం ప్రభుత్వాల పని. ఈలోగా శిక్షణ ఇవ్వడానికి ఏ తీర్పూ అడ్డు రాదు. పాడేరు వైద్య కళాశాలలో 2024లో 50 సీట్లతో తరగతులు మొదలయ్యాయి, సంతోషం. దాని పక్కనే గిరిజన బాలికలకు వసతితో కూడిన ఏఎన్ఎం, నర్సింగ్ శిక్షణ సీట్లు పెంచండి. బయటి నుంచి వచ్చిన డాక్టరు బదిలీ కోసం ఎదురుచూస్తుంటే నేను తప్పు పట్టను. ఆ ఊరి అమ్మాయికి మాత్రం బదిలీ అయి వెళ్లాలన్న తొందర ఉండదు.

కాన్పుకు ముందే గర్భిణులను తీసుకొచ్చి ఉంచే వసతి గృహాల గురించి కూడా చెప్పాలి. సాలూరులో 2018లో మొదలైన ఈ ప్రయత్నం మంచిది. నెలలు నిండిన మనిషిని అర్ధరాత్రి మోసుకు రావడం కంటే పదిహేను రోజుల ముందే ఆసుపత్రి దగ్గర ఉంచడం ఎంతో మేలు. కానీ చాలామంది రారు, వచ్చినా మధ్యలో వెళ్లిపోతారు. ఇంట్లో ఇద్దరు చిన్నపిల్లలున్న తల్లి వారిని ఎవరికి అప్పగించి వస్తుంది? కొండ మీది పోడు చేనులో కోతలున్నప్పుడు భర్త ఎలా కదులుతాడు? తోడుగా అత్తనో అమ్మనో, చంటిబిడ్డనో వెంట ఉండనివ్వాలి. ఉన్న రోజులకు కూలి నష్టం చెల్లించాలి. చోడి (రాగి) అంబలి, వారు తినే కూర వండిపెట్టాలి. ఇవి పెద్ద ఖర్చులు కావు. తల్లి ఇబ్బందేమిటో అడిగి తెలుసుకుంటే చాలు, ఇలాంటి ఏర్పాట్లు ఎవరికైనా తోస్తాయి.

తల్లిదండ్రుల నుంచి పిల్లలకు సంక్రమించే రక్త వ్యాధి సికిల్ సెల్ విషయంలో నాకు కోపం కూడా ఉంది. 2047 నాటికి ఈ వ్యాధిని నిర్మూలిస్తామంటూ 2023 జులైలో జాతీయ మిషన్ మొదలైంది. నలభై ఏళ్ల లోపువారు ఏడు కోట్ల మందిని పరీక్షించాలన్నది లక్ష్యం. పరీక్షలు జరుగుతున్నాయి, కార్డులు ఇస్తున్నారు. కార్డు చేతికొచ్చిన కుటుంబం ఆ తర్వాత ఎక్కడికి వెళ్లాలి? ఈ జబ్బున్న పిల్లలకు ఎముకల్లో, కడుపులో వచ్చే నొప్పి చూసినవారు మరిచిపోలేరు. హైడ్రాక్సీయూరియా మాత్రలు ఆ నొప్పులను చాలావరకు తగ్గిస్తాయి, అయితే ఏళ్ల తరబడి వాడాలి, మధ్యమధ్య రక్త కణాల పరీక్ష చేయించాలి. ప్రతిసారీ విశాఖ దాకా వెళ్లే స్తోమత ఎవరికుంది? మందు, రక్త పరీక్ష రెండూ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే, వారపు సంత రోజునే దొరకాలి. సంతకు ఎలాగూ అందరూ దిగి వస్తారు. మందు అందించకుండా పేరు మాత్రం రాసుకుంటే ఆ పిల్లకు పెళ్లి సంబంధం తప్పిపోతుంది తప్ప నొప్పి తగ్గదు.

ఇక షెడ్యూల్‌లో లేని ఊళ్లు. అనకాపల్లి జిల్లాలో రావికమతం, రోలుగుంట, దేవరాపల్లి మండలాల కొండల మీద గిరిజనులు ఉన్నారు. కొండకు అవతలి వాలు అల్లూరి జిల్లా, ఇవతలి వాలు మైదాన జిల్లా. కష్టం ఇరువైపులా ఒకటే అయినా ఇవతలి వాలు ఐదో షెడ్యూల్‌లో లేదు కాబట్టి ఉప కేంద్రానికి 5,000 మంది లెక్కే చూపుతారు. 2005 తర్వాత ఛత్తీస్‌గఢ్ హింస నుంచి తప్పించుకుని గోదావరి లోయ అడవుల్లోకి వచ్చిన గుత్తికోయ గిరిజనుల పరిస్థితి ఇంకా దారుణం. కుల ధ్రువపత్రం ఉండదు, చాలామందికి ఆధార్ కూడా ఉండదు. పత్రం లేదని పసిబిడ్డకు టీకా, గర్భిణికి పడక నిరాకరించకూడదని రెండు ప్రభుత్వాలూ రాతపూర్వకంగా ఆదేశాలివ్వాలి. నేను పైన కోరిన నడక సర్వే జరిగితే, అనకాపల్లి కొండల మీది ఊళ్లనూ, గుత్తికోయల గుంపులనూ మొదటి విడతలోనే కలపాలి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఏఎన్ఎం,
పాడేరు