'సరద' భూమా, 'ఘరబారి' భూమా?

పర్లాకిమిడి,
ఆదివారం

చిన్నా,

నువ్వు కొందామనుకుంటున్న స్థలానికి వాట్సాప్‌లో పంపిన పట్టా నకలు పక్కింటి కుర్రాడి చేత ప్రింటు తీయించి, కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివాను. చిన్నప్పుడు ఒడియా అక్షరాలన్నీ ఒక్కలాగే ఉన్నాయని ఏడ్చేవాడివి. ఇప్పుడు చూడు, బ్రోకరు చదివిందే వేదమైంది.

కిసం, అంటే భూమి రకం అన్నచోట 'సరద' అని ఉంది. వరి మడి అన్నమాట. ఘరబారికి మారిపోయింది, రేపే ఇల్లు కట్టుకోవచ్చు అని బ్రోకరు నీతో చెప్పాడు. సాగుభూమి కాబట్టి ఎప్పుడు అమ్మినా ఇన్‌కమ్‌టాక్స్ లేదనీ చెప్పాడు. ఆ రెండూ ఒకే భూమికి ఎలా కుదురుతాయిరా? ఘరబారి అయితే అది ఇంటిస్థలం. మడి అయితే ఇల్లు కట్టడానికి ముందు తహసీల్‌లో ఇంటిస్థలంగా కన్వర్షన్ చేయించాలి.

పోనీ, మడే అనుకుందాం. మడి అయినంత మాత్రాన పన్ను తప్పిపోదు. 10 వేలు దాటి లక్ష వరకు జనాభా ఉన్న మునిసిపాలిటీ హద్దు నుంచి 2 కిలోమీటర్ల లోపు ఉంటే సాగుభూమికీ పన్ను పడుతుంది. మన ఊరు ఆ లెక్కలోదే. బ్రోకరు బండి మీటరు చూపించి మూడు దాటిందన్నాడట. రోడ్డు ఏటి వెంట ఒంకర్లు తిరుగుతుంది. కొలవాల్సింది రోడ్డు కాదు, మ్యాప్ మీద తిన్నగా గీత. నేను ఫోన్‌లో గీసి చూస్తే రెండుకి తక్కువే వచ్చింది.

రేటు తక్కువ చూపిద్దాం అన్న మాట మాత్రం ఎత్తకు. 2016లో మీ నాన్నగారు నీ ఇంజినీరింగ్ ఫీజు కోసం ఆ పల్లపు స్థలం 9 లక్షలకి అమ్మారు. దొంగలెక్క కాదు, నిజంగా అంతే వచ్చింది. వర్షాకాలం మోకాలు లోతు నీళ్లు నిలిచే చోటు అది. ప్రభుత్వం కట్టిన ధర, అదే బెంచ్‌మార్క్ వాల్యూ, 12 లక్షలు ఉంది కాబట్టి అంతకే అమ్మినట్టు లెక్కకట్టి పన్ను వేశారు. స్థలం అసలు విలువ తేల్చడానికి వాల్యుయేషన్ ఆఫీసరుకి పంపమని అడిగే హక్కు మనకుందని అప్పట్లో తెలియదు. మా లెక్కలు చూసిన ఆయనా చెప్పలేదు. ఆ మనిషి మీద నాకింకా కోపమే. ఇప్పుడు 10 శాతం వరకు తేడా ఉంటే వదిలేస్తున్నారు. అది దాటి, తేడా 50 వేలు కూడా మించితే కొన్న నీ ఆదాయంలోనూ కలుపుతారు.

అడ్వాన్సు 2 లక్షలు క్యాష్ అడిగాడన్నావు. స్థలం అడ్వాన్సు 20 వేలు, ఆపైన అయితే బ్యాంకు ద్వారానే వెళ్లాలి. పెనాల్టీ పుచ్చుకున్నవాడికే కదా అంటావు. నిజమే, కానీ రేపు వాడు తీసుకోలేదంటే నీ దగ్గరేముంది?

గుమ్మ వైపు చవగ్గా ఉన్న రెండో స్థలం వదిలెయ్. అది షెడ్యూల్డ్ ఏరియా, ఆదివాసీల భూములకి ప్రత్యేక రక్షణ ఉన్న ప్రాంతం. అక్కడి భూముల బదిలీ మీద ఉన్న 1956 రెగ్యులేషన్‌కి 2002లో సవరణ వచ్చాక ఆదివాసీల భూమిని అనుమతి తెచ్చుకుని కూడా ఆదివాసీలం కాని మనం కొనడానికి లేదు. పవర్ ఆఫ్ అటార్నీ ఉందని వాడు చెబితే నవ్వి ఊరుకో.

ఇంకోటి. రేపు అమ్మినప్పుడు ధరల పెరుగుదల తీసేసి మిగిలిన లాభం మీద 20 శాతం పన్ను కడతానని లెక్క వేశావు. ఆ వీలు 2024 జూలై 23కి ముందు కొన్నవాటికే. నువ్వు ఇప్పుడు కొని రెండేళ్లు దాటాక అమ్మితే లాభం మీద నేరుగా 12.5 శాతం. ఏడాదికి రెండు మూడు కొని అమ్ముతుంటే అది పెట్టుబడి కాదు, వ్యాపారం అనవచ్చు. అప్పుడు నీ జీతంతో కలిపి స్లాబు ప్రకారమే.

నా పేరున కొనమంటే నవ్వావు. ఇక్కడ ఒడిశాలో ఆడవాళ్లకి స్టాంప్ డ్యూటీ 4 శాతం, మగవాళ్లకి 5. ఎందుకన్నానో ఇప్పుడు తెలిసిందా?

నిన్న బ్రోకరు ఇంటికి ఫోన్ చేశాడు. కన్వర్షన్ ఆర్డరు కాపీ పట్టుకుని రమ్మన్నాను. సాయంత్రం వస్తానన్నాడు. ఇంకా రాలేదు.

అమ్మ