అట్ట మీది బొమ్మ కూడా పాటలో భాగమే

సంపాదకులకు,

బ్రిటిష్ రాక్ బృందం పింక్ ఫ్లాయిడ్ అంటే నాకు కాలేజీ రోజుల నుంచీ ప్రాణం. పాటలు ఎంత ఇష్టమో, ఆ ఎల్‌పీ రికార్డుల అట్టలన్నా అంతే ఇష్టం. ఇప్పటి పిల్లలు వాటిని ఫోన్‌లో గోరంత బొమ్మగా చూస్తుంటే బాధేస్తుంది.

1973లో వచ్చిన 'ద డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్' అట్టనే తీసుకోండి. నల్లటి అట్ట మీద గాజు పట్టకం, ఒక పక్క తెల్లటి కాంతి గీత, రెండో పక్క రంగులు. లెక్కపెడితే ఆరే! ఇంద్రధనుస్సు ఏడు రంగుల్లో ఇండిగో లేదు. అట్ట తెరిస్తే ఆ రంగుల చారలు లోపలికీ సాగి, ఒక చార గుండె కొట్టుకున్నట్టు ఎగిసిపడుతుంది. రికార్డు మొదలయ్యేదీ గుండె చప్పుడుతోనే కదా. ఎన్నిసార్లు వేలితో ఆ గీత వెంట వెళ్లానో!

1975 నాటి 'విష్ యూ వర్ హియర్' అట్ట మీద కరచాలనం చేస్తూ మండుతున్న మనిషి నిజంగా మంటల్లో నిలబడ్డ స్టంట్‌మ్యాన్. గాలి తిరగబడి ఆయన మీసం కాలింది. ఈ అట్టలు రూపొందించిన హిప్నోసిస్ సంస్థకు చెందిన స్టార్మ్ థార్గర్‌సన్, ఆబ్రీ పావెల్ అంత పట్టుదలగా పనిచేసేవారు.

మీ ఆదివారం అనుబంధంలో ఇలాంటి అట్టల గురించి అప్పుడప్పుడైనా రాయించండి. బొమ్మలు మాత్రం పెద్దవిగా వేయండి.

– ఒక పాఠకుడు, విజయవాడ