జనగణమనకు మదనపల్లెలో రాసిన స్వరాలు

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

పరీక్షల సంగతి చివర్లో రెండు ముక్కల్లో చెబుతాను. ముందు ఒక పాత కాలేజీ బంగళా గురించి మీతో మాట్లాడాలి.

పోయిన సోమవారం ప్రార్థన సమయంలో నేను గడియారం చూస్తూ నిలబడ్డాను. జనగణమన పూర్తిగా పాడితే సుమారు 52 సెకన్లు పట్టాలి. మన పిల్లలు 43 సెకన్లకే ముగించారు. ‘వింధ్య హిమాచల’ దగ్గరే వెనక వరుసలు ముందు వరుసల్ని దాటేశాయి. ‘జయహే’ దగ్గరికి వచ్చేసరికి కొందరు సంచులు భుజానికి తగిలించుకుంటున్నారు. పిల్లల్ని తప్పు పట్టను. ఆ పాట మన ఇంటి పాట అని వాళ్లకు చెప్పాల్సింది మేము. మేము చెప్పలేదు.

ఆ రోజు 9వ తరగతిలోకి వెళ్లి, మదనపల్లె అంటే మీకు ఏం గుర్తొస్తుందని అడిగాను. క్లాసంతా ఒక్క గొంతుతో ‘టమాటాలు మేడం’ అన్నారు. నిజమే, కానీ అంతకు మించినదీ ఉంది.

మన చిత్తూరు జిల్లా 1911 ఏప్రిల్‌లో ఏర్పడింది. అదే ఏడాది డిసెంబరు 27న కలకత్తా కాంగ్రెస్ సభలో జనగణమనను మొదటిసారి పాడారు. అంటే మన జిల్లాకూ ఆ పాటకూ ఇంచుమించు ఒకటే వయసు. 1915లో అనిబిసెంట్ గారు మదనపల్లెలో కాలేజీ పెట్టించారు. అదే ఇప్పుడు అందరూ బీటీ కాలేజీ అని పిలిచే బిసెంట్ థియొసాఫికల్ కాలేజీ. ఊరు చిన్నది, కాలేజీ ఇంకా చిన్నది. మన దేశాన్ని మనమే పాలించుకోవాలనే హోమ్ రూల్ ఉద్యమం వచ్చినప్పుడు అక్కడి విద్యార్థులు ఊరుకోలేదు, అందులోకి దిగారు. దాంతో మద్రాసు విశ్వవిద్యాలయం గుర్తింపు పోయింది. డిగ్రీకి విలువ లేకపోతే పిల్లల్ని ఎవరు పంపుతారు? మరో కాలేజీ అయితే తాళం వేసుకునేదే. వీళ్లు మాత్రం మద్రాసు అడయారులో కొత్తగా పెట్టిన జాతీయ విశ్వవిద్యాలయంతో కలిసి నడిపించారు. ఆ విశ్వవిద్యాలయానికి చాన్సలర్ రవీంద్రనాథ్ ఠాగూర్! గుర్తింపు పోయిన కాలేజీకే ఆయన రావడం చూస్తే, ఆ దెబ్బే ఈ ఊరికి మేలు చేసిందని నాకు అనిపిస్తుంది.

1919 ఫిబ్రవరిలో ఆయన వచ్చి, కాలేజీ ఆవరణలోని ఆల్కాట్ బంగళాలో బస చేశారు. అప్పటి ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ ఐర్లాండు నుంచి వచ్చిన కవి. ఆయన భార్య మార్గరెట్ సంగీతం చదువుకున్నావిడ. ఒక సాయంత్రం విద్యార్థులు పాటలు పాడుకుంటున్న చోటికి ఠాగూర్ వచ్చారు. నేనూ ఒక పాట పాడతానన్నారు. అంత పెద్ద మనిషి గొంతు అంత సన్నగా ఉందేమిటని కజిన్స్ గారికి ఆశ్చర్యమేసిందట. కొండలు, నదులు, ప్రాంతాల పేర్లు ఒక్కొక్కటే వస్తుంటే భూగోళ పాఠం విన్నట్టుందట. ‘జయహే’ దగ్గర మాత్రం అందరూ అందుకున్నారు. బెంగాలీ ముక్క రాని మన పిల్లలు ఆయనతో గొంతు కలిపిన ఆ క్షణాన్ని నేను చాలాసార్లు ఊహించుకున్నాను.

తర్వాత మార్గరెట్ గారు ఠాగూర్ పక్కన కూర్చుని, పాడించుకుని, సరిచూసుకుని ఆ పాటకు స్వరాలు రాసిపెట్టారు. ఎవరు ఎక్కడ పాడినా బాణీ చెదరకుండా ఉండటానికి అదీ ఒక ఆధారం. ఫిబ్రవరి 28న ఠాగూర్ ఆ పాటను ఇంగ్లీషులోకి తెచ్చి, ‘భారతదేశపు ఉదయగీతం’ అనే అర్థం వచ్చే పేరు పెట్టి, తన చేతిరాతతో రాసి సంతకం చేశారు. ఆ చేతిరాత ఫొటో ప్రింటు తీయించి క్లాసులో తిప్పాను. వెనక బెంచీ అమ్మాయి తేదీ మీద వేలు పెట్టి, ‘ఇది మనూరి పక్కనే రాసిందా మేడం?’ అని రెండుసార్లు అడిగింది. ఇంకో అబ్బాయి పాటలో అయిదు చరణాలున్నాయని తెలిసి, మిగతా నాలుగూ ఎందుకు పాడమని నిలదీశాడు. 1950 జనవరి 24న జాతీయ గీతంగా తీసుకున్నది మొదటి చరణాన్నే అని చెప్పాను. అయితే మిగతావి నేర్పమన్నాడు. నేర్పుతాం.

2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు మదనపల్లె మన జిల్లా నుంచి వెళ్లిపోయింది. దానివల్ల మన పిల్లలకు ఈ కథ దూరం కాకూడదు. అందుకే కాలేజీ వారి అనుమతి తీసుకుని 9వ తరగతి పిల్లలను అక్కడికి తీసుకెళ్దామనుకుంటున్నాం. తేదీ ఖరారు కాగానే డైరీలో రాసి పంపుతాం. ఆవరణలో నిలబడి జనగణమన పాడించాలని నా కోరిక. 52 సెకన్లూ పూర్తిగా, ‘జయహే’ దగ్గర తొందర లేకుండా.

మీతో ఒక పని ఉంది. మన ఊళ్లో చాలా ఇళ్లల్లో తాతలో, మేనమామలో, పెద్దమ్మలో ఎవరో ఒకరు బీటీ కాలేజీలో చదివి ఉంటారు. బీరువాలో పాత గ్రూపు ఫొటో, సర్టిఫికెట్టు, హాస్టల్ రసీదు ఏది దొరికినా పిల్లల చేత పంపండి. ఇక్కడే ఫొటో తీసుకుని మర్నాడే జాగ్రత్తగా తిరిగి పంపిస్తాం. అక్కడ చదివిన పెద్దలు ఇంట్లో ఉంటే ఒక శనివారం మధ్యాహ్నం బడికి తీసుకురండి. నేల మీద కూర్చోలేని వారికి కుర్చీలు వేయిస్తాను.

పరీక్షల టైం టేబుల్ ఈ ఉత్తరం వెనకవైపు అచ్చువేశాం. చూసి సంతకం చేసి పంపండి.

మదనపల్లె వెళ్లే బస్సు పలమనేరు, పుంగనూరు మీదుగా వెళ్తుంది. మొగిలి ఘాట్‌లో వాంతులయ్యే పిల్లలకు జేబులో ఒక నిమ్మకాయ పెట్టండి. మధ్యాహ్నానికి పులిహోర కట్టిస్తే చాలు, పెరుగన్నం ఎండకు పులిసిపోతుంది.

మీ
ప్రధానోపాధ్యాయురాలు
చిత్తూరు