కరపత్రంలో ఊదా చీర

సంపాదకులకు నమస్కారం.

తిరుపతిలో కలంకారీ చీరలు, దుపట్టాలు అమ్ముకునే చిన్న దుకాణం మాది. సరుకంతా శ్రీకాళహస్తి నుంచే. కరపత్రం వేయించాలన్నా, చిన్న బ్యానర్ కట్టాలన్నా డిజైనర్ చుట్టూ తిరగలేక, నిరుడు నలభై ఆరేళ్ల వయసులో డీటీపీ (కంప్యూటర్లో అచ్చు పేజీలు తయారుచేసే) కోర్సులో చేరాను. పక్క సీట్లలో ఇంటర్ అయిపోయిన పిల్లలు, వాళ్లకు నేను ఆంటీని. మూడు నెలల్లో పేజ్‌మేకర్, కోరల్‌డ్రా, ఫోటోషాప్ మెనూలన్నీ నేర్పించారు. సర్టిఫికెట్ ఇచ్చారు. అచ్చు గురించి మాత్రం ఒక్క పూట కూడా చెప్పలేదు. ఈ ఉత్తరం అందుకే రాస్తున్నాను.

బ్రహ్మోత్సవాల ముందు రెండు వేల కరపత్రాలు వేయించాను. మధ్యలో నీలి చీర. స్క్రీన్ మీద మెరవాలని సాచురేషన్ (రంగు గాఢత) బాగా పెంచాను. కట్టలు ఇంటికొచ్చాక విప్పి చూస్తే చీర ఊదా రంగులో ఉంది! ప్రెస్‌వాళ్లు సిరా తప్పు వేశారనుకుని గొడవకు వెళ్లాను. మర్నాడు ఒకావిడ కరపత్రం పట్టుకుని వచ్చి, "ఈ ఊదా చీర చూపించండమ్మా" అంది. మా దుకాణంలో ఊదా చీరే లేదు. నీలిది చూపిస్తే "ఇది కాదు" అని వెళ్లిపోయింది.

ప్రెస్సులో పెద్దాయన నా మీద కోప్పడలేదు. "కంప్యూటర్లో ఉండేది వెలుతురు మా, ఈడ ఉండేది సిరా" అన్నాడు. స్క్రీన్ ఎరుపు, ఆకుపచ్చ, నీలం వెలుగులతో రంగు చూపిస్తుంది. ప్రెస్సుకు సయాన్ (ఆకాశనీలం లాంటిది), మెజెంటా (ముదురు గులాబీ లాంటిది), పసుపు, నలుపు సిరాలే గతి. వెలుగులో కనిపించే కొన్ని నీలాలు ఆ సిరాల్లో లేనే లేవు. అలాంటి నీలాన్ని సిరాలోకి మారిస్తే మెజెంటా ఎక్కువై ఊదాకు తిరుగుతుంది. మెజెంటాను సయాన్ కన్నా కనీసం ముప్పై శాతం తగ్గించుకోమన్నాడు. చిన్న అక్షరాలను నల్ల సిరా ఒక్కదానితోనే వేయమన్నాడు. నాలుగు సిరాలూ కలిపితే, వాటిలో ఒక సిరా ప్లేటు (అచ్చు పలక) వెంట్రుక వాసి జరిగినా అక్షరం మసకబారుతుందట. కలంకారీలోనూ గీత నలుపుదే, ఇనుము, బెల్లం నానబెట్టిన కసిమితో గీస్తారు. ఇన్నేళ్లుగా అది చూస్తూ కూడా ఈ సంగతి నాకు తట్టలేదు.

ఫోటోల సంగతి ఇంకా ఘోరం. క్లాసులో ఏ ఫోటోకైనా ముందు బ్రైట్‌నెస్ పెంచమన్నారు. కరక్కాయ, పాలలో ముంచిన కలంకారీ గుడ్డకు ఒక లేత గోధుమ ఛాయ ఉంటుంది. దాన్ని తెల్లగా చేస్తే మిల్లు గుడ్డలా కనిపిస్తుంది, చూసి కొన్నవాళ్లు ఇంటికెళ్లాక తిట్టుకుంటారు. ఇప్పుడు ట్యూబ్‌లైట్ ఆపేసి, పొద్దున గుమ్మం దగ్గర చీర పరిచి, పక్కన ఒక తెల్ల కాగితం పెట్టి తీస్తున్నాను. ఎడిటింగ్‌లో ఆ కాగితం తెల్లగా వచ్చేదాకా సరిచేస్తే చీర రంగు దానంతటదే దారికొస్తుంది. ఆ తరువాత కాగితం కత్తిరించేయడమే. ఇంకోటి, ఫోటోను వాట్సాప్‌లో మామూలుగా పంపితే నాణ్యత తగ్గిపోతుంది, డాక్యుమెంట్‌గా పంపాలి. ఏ5 కాగితం నిండా 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) అచ్చు కావాలంటే 1748×2480 పిక్సెల్స్ ఉండాలి. అంచుల చుట్టూ బొమ్మను 3 మిల్లీమీటర్లు అదనంగా బయటికి పొడిగించకపోతే కటింగ్‌లో తెల్ల గీత మిగులుతుంది.

ఇక తెలుగు. నేర్పించిందంతా పాత ఫాంట్లలో టైపింగ్. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో ఫైలు తెరిస్తే అక్షరాలు కాదు, చిత్రవిచిత్రమైన గుర్తులు. యూనికోడ్‌లో (ఏ కంప్యూటర్లోనైనా తెలుగు తెలుగుగానే తెరుచుకునే పద్ధతి) టైప్ చేసి ఫోటోషాప్‌లో పెడితే 'శ్రీకాళహస్తి'లో ఒత్తులు విడిపోయి ఊరి పేరే విరిగింది. సెట్టింగుల్లో సౌత్ ఏషియన్ భాషల ఆప్షన్ పెట్టుకోవాలని మా సార్‌కే తెలియదు. రామభద్ర, మండలి, సూరన్న లాంటి మంచి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగా దొరుకుతుంటే, వాటి పేరు కూడా క్లాసులో వినబడలేదు. పేజ్‌మేకర్‌కు 2001లో వచ్చిన 7.0 తర్వాత కొత్త వెర్షనే లేదు. అయినా దాన్ని నేర్పడం తప్పనను. కొన్ని ప్రెస్సులు ఇంకా దాని మీదే నడుస్తున్నాయి కదా. అదొక్కటే నేర్పి పంపడం మాత్రం ఏం న్యాయం?

శిక్షణ ఇచ్చేవాళ్లను అడిగేది ఒక్కటే. పిల్లలను ఒక్క రోజు ప్రెస్సుకు తీసుకెళ్లండి. వాళ్లు చేసిన ఫైలుకు ఒక ప్రూఫ్ (నమూనా కాపీ) తీయించి, స్క్రీన్ పక్కన పెట్టి చూపించండి. ప్రెస్సులవాళ్లు కూడా ఫైలు రాగానే అచ్చుకు ఎక్కించకుండా ఒక కాపీ చేతికిచ్చి సంతకం తీసుకుంటే గొడవలే ఉండవు. మీ పత్రికలో పేజీలు పెట్టేవాళ్లకు ఇవన్నీ కొట్టిన పిండి. వాళ్ల చేత ఆదివారాలు అర కాలమ్ రాయిస్తే మాలాంటి చిన్న దుకాణాలవాళ్లం కత్తిరించి దాచుకుంటాం.

ఆ కరపత్రాలు ఇంకా వెయ్యికి పైగా మిగిలాయి, చీరల మడతల మధ్య పెడుతున్నాను. కోర్సు నేర్చుకునే పిల్లలు ఎవరైనా దుకాణానికి వస్తే ఒకటి ఇచ్చి, పక్కనే అసలు నీలి చీర పరిచి చూపిస్తాను.

– ఒక కలంకారీ దుకాణదారు, తిరుపతి